లోపలి మేకు

హట్టి,
ఆదివారం.

నేత్రకు నీ తిప్పన్న రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. కానీ ఈ గని క్వార్టర్సులో ఇప్పుడు అందరం అంటే నేనొక్కడినే. నేను క్షేమం. వంటింటి వెనక నువ్వు పెట్టిన దొండపాదు కూడా క్షేమమే, నాకంటే అదే బాగుంది. మీ అక్క మేఘా వదినా వాళ్ళూ బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. హైదరాబాదులో వానలు మొదలయ్యాయని రాశావు. ఇక్కడ ఇంకా మబ్బు కూడా లేదు.

నీ ఉత్తరాన్ని పోస్టుమ్యాన్ పక్కింటి కమలమ్మ చేతికి ఇచ్చి పోయాడు. నేను షిఫ్టు నుంచి రాగానే తెచ్చి ఇచ్చింది. కవరును వెలుతురుకు పెట్టి చూసినట్టుంది, దాచుకోకుండా చెప్పేసింది. "అంతా తెలుగుల ఉన్నది గద తిప్పన్నా, ఒక్క ముక్క సమజ్ కాలే" అంది. ఈ లైనులో తెలుగు మాట్లాడేవాళ్ళున్నా చదవగలిగింది మనమిద్దరమే. ఫోన్లో మాట్లాడితే మాత్రం గోడ అవతల ఆమె టీవీ చప్పుడు టక్కున తగ్గుతుంది. సాయంత్రం ఒక్కసారే ఫోను, మిగిలిన మాటలన్నీ కాగితం మీద అని మీ కౌన్సిలర్ మేడం పెట్టిన పద్ధతి మొదట్లో నాకు వింతగా ఉండేది. ఈ కాలంలో మొగుడూ పెళ్ళాలు ఉత్తరాలు రాసుకోవడమేమిటి అనుకున్నాను. ఇప్పుడు అలవాటైంది. నీ కోపం కూడా కాగితం మీద చదివితే అంతగా కాల్చదు.

నీ ఒత్తులు బాగుపడ్డాయి. తలకట్లు మాత్రం ఇంకా కన్నడంలోనే ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో పలక మీద నేను నేర్పిన చదువుకు అంతకంటే ఆశపడకూడదు. నా రాత గురించి నువ్వేమీ అనొద్దు, కోడి గెలికినట్టు ఉంటుందని నాకు తెలుసు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పొద్దున బస్టాండు దగ్గర బొరుగుల వగ్గాణి, మిర్చి. సాయంత్రం ఇంట్లో జొన్నరొట్టె నేనే తట్టుకుంటున్నాను. మొన్న నా డబ్బా విప్పి పరశురామ్ ఒక ముక్క తుంచబోయాడు, అది తునగలేదు. "గిది రొట్టెనా, బూటు అట్టనా? వదినొచ్చేదాంక నీ పండ్లు ఉంటయా?" అని షిఫ్టు మొత్తం అందరికీ చూపించాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ రొట్టె అతనే తిన్నాడులే, నాకు వాళ్ళింటి అన్నం పెట్టి.

మనసు పొంగినప్పుడు చేతిలో ఐసు గడ్డ పట్టుకుంటున్నావని, కళ్ళకు కనిపించే వస్తువులకు ఒక్కొక్కటిగా పేరు చెప్పుకుంటే కాసేపటికి నెమ్మదిస్తుందని రాశావు. నన్నూ చేసి చూడమన్నావు. గనిలో చేశాను. లోపల టోపీ దీపం వెలుగులో కనిపించేది రాయి, రాయి, పరశురామ్ వీపు, మళ్ళీ రాయి. ఇది కాదని ఇంటికొచ్చి చేశాను. నీ దువ్వెన, నీ చీర మడత, నువ్వు తప్ప ఎవరూ తాగని ఆ పొడుగు గ్లాసు. మనసు నెమ్మదించలేదు సరికదా ఇంకా కిందికి పోయింది. ఇంట్లో ఒక్కడే ఉండేవాడికి వేరే లెక్క ఏమైనా ఉందేమో మీ మేడంను అడుగు.

అమ్మ వచ్చిందా, నా గురించి ఏమంది అని కూడా అడిగావు. వచ్చింది. చంద్రబండ నుంచి బస్సులు మారి మారి, సంచి నిండా పుంటికూర, పల్లీల పొడి మోసుకొని వచ్చింది. గడపలో కాలు పెట్టకముందే అందుకుంది.

"ఎన్నాళ్లురా గిట్ల ఒక్కడివే ఒండుకుంట కూసుంటవ్? మంత్రమేపిస్తిమి, తాయెత్తు కట్టిస్తిమి, దవాఖాన్లన్నీ తిప్పితిమి. ఇంగ ఆ పిల్లను వాళ్ళక్కింట్లనే ఉండనియ్. నువ్వు నీ బతుకు సూసుకో."

"చిన్నప్పుడు నా కాలు ఇరిగితే నన్ను ఇడిసిపెడ్తివానే నువ్వు?"

"కాలు ఇరిగితే కనపడ్తది బిడ్డా. దానికి ఏడ ఇరిగిందో కనపడదాయె. కనపడనిదానికి ఎవరు కట్టు కడ్తరు?"

ఈ మాటలు నీకు దాచాలని లేదు, దాచితే నువ్వు వీటికంటే పెద్దవి ఊహించుకుంటావు. అయితే తర్వాత జరిగింది కూడా విను. తిరిగి బస్సెక్కబోతూ, ఒక కాలు మెట్టు మీద పెట్టి, అమ్మ వెనక్కి తిరిగింది. "ఆ పిల్లకు ఆడ రొట్టె దొరుకుతదారా, అన్నమే పెడ్తున్నరా? దానికి రెండు పూటల అన్నం పడదు" అంది. కండక్టరు అరుస్తున్నా నా జవాబు వినేదాకా ఎక్కలేదు. పల్లీల పొడి రెండు డబ్బాలు తెచ్చింది, ఒకటి నీకట. హైదరాబాదు వచ్చేవాళ్ళెవరైనా దొరికితే పంపుతాను.

ఇక నువ్వు అన్నిటికంటే ముఖ్యంగా అడిగింది. వైద్యం రాయచూరులోనే దొరికితే పీర్ల పండుగకు వచ్చేస్తాను, మళ్ళీ హైదరాబాదు పోను అన్నావు. ముద్గల్ పీర్లను ఇద్దరం కలిసి చూడాలని రాశావు. నువ్వు రాశావు కాబట్టి ఒకరోజు సెలవు పెట్టి రాయచూరు వెళ్ళాను. మనకు ఈ జబ్బు పేరు మొదటిసారి చెప్పిన ఆ చిన్న డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను.

ఆమె పిలుపు కోసం లైనులో కూర్చుంటే పాతవన్నీ గుర్తొచ్చాయి. మనల్ని ఇన్ని దవాఖానాలు తిప్పింది నేను బిళ్ళ మార్చడం మరిచిన ఆ రోజే కదా. గని మూతి దగ్గర ఉండే బోర్డు నీకు తెలుసు, నువ్వే ఒకసారి చూపించమని పట్టుబట్టి చూశావు. రెండు వరుసల మేకులు, ఒకటి లోపల, ఒకటి బయట. మనిషికొక ఇత్తడి బిళ్ళ. దిగేటప్పుడు నా బిళ్ళను లోపలి మేకుకు వేస్తాను, పైకొచ్చాక బయటి మేకుకు మారుస్తాను. ఆ పొద్దున మనం గొడవపడ్డాం. నేను షిఫ్టంతా అదే ఆలోచిస్తూ, పైకి రాగానే నీకు ఆకుపచ్చ గాజులు కొనాలని లింగసుగూరు బస్సెక్కేశాను. బిళ్ళ మార్చలేదు. లోపల ఒక బిళ్ళ మిగిలింది. అంటే కింద ఒక మనిషి మిగిలాడని లెక్క. పరశురామ్ వాళ్ళు ఇళ్ళకు పోకుండా నన్ను వెతకడానికి మళ్ళీ దిగారు.

నువ్వు గేటు దగ్గరికి వచ్చావు. ఆ కథ నేను పరశురామ్ భార్య నోట విన్నాను. పది నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే నేత్ర, ఆ రోజు ఒక్క మాట అరవలేదట. ఏడుస్తున్న ఆమెకు నువ్వే నీళ్ళు తాగించి, "వస్తడక్కా. ఊకో" అన్నావట. అంతా అయ్యాక నేను గాజుల పొట్లం పట్టుకొని బస్సు దిగాను. నన్ను చూశాకే నువ్వు విరిగిపోయావు. ఆ సాయంత్రం నీ చేతికి నువ్వు చేసుకున్న గాయం గురించి మళ్ళీ రాయను. అక్కడి నుంచే మన తిరుగుడు మొదలైంది. ఒకాయన నిద్రమాత్రలు ఇచ్చాడు. ఇంకొకాయన డిప్రెషన్ అన్నాడు. మరొకాయన నీతో మాట్లాడకుండా నాతోనే, పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయని చెప్పాడు. ఈ చిన్న డాక్టరమ్మ మాత్రం నన్ను బయట కూర్చోమని, నిన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "అందరు ఇడిసిపోతరనే బుగులు ఎప్పటిసంది ఉన్నదమ్మా నీకు?" అని అడిగిందని నువ్వే చెప్పావు. బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని ఆమె చెప్పినప్పుడు మనిద్దరికీ ఆ పేరు నోరు తిరగలేదు. అయినా తిరిగొచ్చే బస్సులో నువ్వు నా భుజం మీద నిద్రపోయావు. పేరున్న జబ్బే గానీ నువ్వు చెడ్డదానివి కాదని ఎవరో చెప్పినందుకు కాబోలు.

ఈసారి ఆమె నన్ను గుర్తుపట్టింది. నువ్వెలా ఉన్నావని అడిగింది. మన సంగతి చెబితే, కుర్చీ దగ్గరికి లాక్కొని నిదానంగా మాట్లాడింది.

"మాత్రలు నేను చూసుకుంట అన్నా, అది కష్టం కాదు. గాని ఈ జబ్బుకు మాత్రలు ఆసరానే. అసలు మందు మాట. ఊకె ధైర్యం చెప్పే మాట కాదు, ఆ పద్ధతి నేర్చుకున్నోళ్లు వారం వారం కూసోబెట్టి నేర్పేది. గట్ల నేర్పేటోళ్లు మన జిల్లాల నాకు తెల్సి ఎవ్వరు లేరు. బెంగళూరుల ఉన్నరు, ధారవాడ దిక్కు అడగొచ్చు."

"బెంగళూరామెతోని ఫోన్ల చేసి చూస్తిమి మేడం. కన్నడంల కుదురలే."

కుదరలేదని నేనన్నా, కారణం నువ్వు చెప్పిందే. ఏం జరిగిందో కన్నడంలో ఎంతైనా చెప్పగలను, ఎక్కడ నొప్పిగా ఉందో మాత్రం తెలుగులోనే నోటికొస్తుంది అన్నావు. ఆ మాట డాక్టరమ్మకు చెబితే తల ఊపింది.

"అయితే హైదరాబాదే మంచిది. నడుమల ఇడిసిపెట్టి రానియ్యకు. సగం నేర్చుకొని వస్తే, మొదటి గొడవకే పాతదంతా మల్ల మీద పడ్తది. క్లాసులు పూర్తయినంక ఆ మేడం వీడియోల చూస్తనంటే, వారానికొకపారి ఈడ ఒక రూము తలుపేసుకొని కూసోనీకి మా పెద్దసారును అడుగుత. మాట మాత్రం ఇయ్యలేను, అడుగుత. ఒకటి గుర్తుపెట్టుకో అన్నా, దీంట్లకెళ్లి చానమంది బయటపడ్తరు. గాని టైమ్ పడ్తది."

కాబట్టి నేత్రా, నా జవాబు ఇది. ఇప్పుడే రావద్దు. పీర్ల పండుగకు రావద్దు.

ఈ మాట దగ్గర నువ్వు ఆగిపోతావని నాకు తెలుసు. కాగితం నలుపుతావు. ఫోను తీస్తావు, నేను గనిలో ఉంటాను, ఎత్తను. అందుకే చెబుతున్నాను, లేచి వెళ్ళి ఫ్రిజ్‌లో నుంచి ఐసు గడ్డ తెచ్చుకో. మేఘా వదినను పక్కన కూర్చోమను. ఆమెకు ఏమీ చెప్పనక్కర లేదు, ఊరికే కూర్చుంటే చాలు. నేను కూడా ఇక్కడే ఆగి కాసిన్ని నీళ్ళు తాగి వస్తాను.

తెచ్చుకున్నావా?

ఇప్పుడు నీ ఉత్తరం చివర, సంతకం కింద చిన్న అక్షరాలతో రాసిన ప్రశ్నకు వస్తున్నాను. "నేను లేకుంటే నీకు హాయిగా ఉందా? నిజం చెప్పు" అని రాశావు. ఇదివరకు ఇలా అడిగేదానివి కాదు. తలుపేసుకొని, నేను తడతానా లేదా అని చూసేదానివి. ఇప్పుడు నోరు తెరిచి అడుగుతున్నావు. ఎంత కష్టపడి రాశావో ఆ కలం ఒత్తిడి చూస్తే తెలుస్తోంది. నువ్వు అంత చేసినప్పుడు నేను దాటవేయకూడదు. ఇంతసేపూ రొట్టెల గురించీ దొండపాదు గురించీ రాసింది ఈ జవాబు దగ్గరికి రావడానికి భయపడే.

హాయిగానే ఉండింది. నువ్వు వెళ్ళిన కొత్తలో హాయిగా ఉండింది నేత్రా. పడుకుంటే నిద్ర పట్టింది. షిఫ్టు దిగి, గడియారం చూసుకోకుండా, పరశురామ్‌తో టీ తాగాను. వంటింట్లో పళ్ళెం కింద పడితే, ఇది చెయ్యి జారి పడిందా విసిరితే పడిందా అని చెవి పెట్టి వినాల్సిన పని లేకపోయింది. నీ ముఖం ఈపూట ఎలా ఉంటుందో అని సందు మలుపు దగ్గరి నుంచే గుండె దడదడలాడేది కదా, అది ఆగింది. అది ఆగాకే, ఇన్నేళ్ళూ దడదడలాడుతూనే ఉందని నాకు తెలిసింది.

ఆ హాయి చూసి నాకు భయం వేసింది. నువ్వు పండుగకు వస్తానన్నప్పుడు, డాక్టరమ్మ వద్దన్నది కదా అని వెంటనే రాసెయ్యొచ్చు. కానీ రాయలేకపోయాను. వద్దనేది నీ వైద్యం కోసమా, నా నిద్ర కోసమా అని నన్ను నేనే నమ్మలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం ఆలస్యమైంది. చివరికి మీ మేడంకే ఫోన్ చేశాను. నాతో మాట్లాడటానికి నువ్వు ఒప్పుకున్నావని చూసుకొనే మాట్లాడింది. ఆమె మెత్తగానే అంది, కానీ తప్పించుకోనివ్వలేదు. "తిప్పన్నగారూ, రమ్మనాలా వద్దనాలా అని నన్ను అడగకండి. మీ మనసులో ఉన్నది ఉన్నట్టు తనకు చెప్పండి. ఇన్నేళ్ళూ తను మీ ముఖం చూసి ఊహించుకుంటూ బతికింది. మీరూ అంతే కదా" అంది. ఫోన్ పెట్టేసి ఈ కాగితం తీశాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆ హాయి ఎక్కువ కాలం నిలవలేదని కూడా చెప్పాలి. ఇది నిన్ను ఊరుకోబెట్టడానికి రాస్తున్నది కాదు, నీకు అలా అనిపిస్తే ఆంజనేయను అడుగు. బోర్డు దగ్గర కూర్చునే ఆంజనేయ. బిళ్ళ రోజు తర్వాత నువ్వు ప్రతి షిఫ్టుకూ ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, మా ఆయన బిళ్ళ ఏ దిక్కుంది అని అడిగేదానివి. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. బిళ్ళ ఎందుకు మార్చావు, మార్చకుంటే మీ ఇంటామె ఎన్నిసార్లు చేస్తుందో చూసేవాళ్ళం కదా అని ఏడిపించేవాళ్ళు. మొన్నొక రోజు పైకొచ్చి నా బిళ్ళను బయటి మేకుకు తగిలిస్తుంటే, ఆంజనేయ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఏంది తిప్పన్నా, ఈ నడుమ నీ బిళ్ళ ఏడుందని ఎవ్వరు అడుగుతలేరు?"

ఎగతాళికి అనలేదు. మామూలుగానే అన్నాడు. "ఊరికి పోయింది లే" అన్నాను. అని, అక్కడే నిలబడిపోయాను. వెనక వాళ్ళు జరుగు జరుగు అంటున్నారు. నేను పైకొచ్చానని ఆ బోర్డుకు తెలిసింది, ఆఫీసుకు తెలిసింది. ఇంకెవరికి తెలియాలి? సందు మలుపు తిరిగితే దడ లేదు. తాళం నేనే తీయాలి. కమలమ్మ టీవీ చప్పుడు వినపడుతోంది, పూర్తిగా. మనింట్లో వినడానికి ఏమీ లేదని ఆమెకూ తెలిసిపోయింది. ఆ రోజు రొట్టె చేసుకోలేదు. నీ పొడుగు గ్లాసుతో నీళ్ళు తాగాను, నువ్వు తిట్టుకున్నా సరే.

నువ్వుంటే కష్టం, లేకుంటే ఒంటరి. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచితే మళ్ళీ మనం మొదటికే వస్తాం. నువ్వు మారి రావాలని నేను అనడం లేదు. నీకు నొప్పి తగ్గి రావాలని అంటున్నాను. నేను కూడా ఊరికే కూర్చోను. ఇంట్లోవాళ్ళు ఎలా మసలుకోవాలో నేర్పే క్లాసు ఒకటి ఉందట, ఫోన్లోనే, సెలవు రోజున. మీ మేడం నా పేరు రాసుకుంది. అందులో అందరూ తల్లులే ఉంటారట, నేనొక్కడినే మీసాలవాణ్ణి.

చివరగా ఒక సంగతి. పాత ఇత్తడి చెంబు మూత ఒకటి అటక మీద ఉండేది కదా, నీకు చెప్పకుండా కోయించాను. పరశురామ్ గుండ్రంగా కోసి రుద్ది ఇచ్చాడు. దాని మీద మేకుతో నీ పేరు గీశాను. త తలకట్టు నీ పద్ధతిలోనే, కన్నడం లాగానే పెట్టాను. తలుపు పక్కన గోడకు రెండు మేకులు కొట్టాను. కమలమ్మ వచ్చి చూసి, తాళంచెవులకా అని అడిగింది. అవునన్నాను.

బోర్డు దగ్గరి పద్ధతి నీకు తెలిసిందే, అయినా రాస్తున్నాను. ఎవరి బిళ్ళను వాళ్ళే మార్చుకోవాలి, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. మొగుడైనా సరే. ఎప్పుడు పైకొస్తావు, తొందరగా రా అని పైనుంచి అరవకూడదు కూడా. ఇంకొక పద్ధతి, లోపలి మేకుకు ఒక్క బిళ్ళ ఉన్నా సరే, పైన ఉన్న మనిషి లేచి ఇంటికి పోకూడదు. షిఫ్టు ఎంత పొడుగైనా సరే.

నీ బిళ్ళ లోపలి మేకుకు ఉంది. నేను పైన ఉన్నాను.

ఇట్లు,
నీ పెనిమిటి
తిప్పన్న